బాల్డర్స్ గేట్ 3: ఫైర్‌బాల్ వేస్తే శత్రువు తప్పించుకుంటాడు, మా అక్క కాలుతుంది. నా సోర్సరర్‌ను ఎలా సరిచేయాలి?

గోదారి గట్టు (రావులపాలెం):

అందరికీ నమస్కారం. నేనూ మా అక్కా కలిసి బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ ఆడుతున్నాం. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, తెరను రెండుగా చీల్చుకుని, చెరో కంట్రోలర్ పట్టుకుంటాం. నాన్న అరటి మార్కెట్ పని ముగించుకుని వచ్చి టీవీ అడిగేవరకు మాదే రాజ్యం. అక్క ఫైటర్, ఆయుధంతో పోరాడే పాత్ర. నేను సోర్సరర్, పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర; డ్రాకోనిక్ వంశం, ఎర్ర డ్రాగన్. ఆటలోని సహచరులు షాడోహార్ట్ (దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్), ఆస్టారియన్ మాతో ఉన్నారు. అందరం ఐదో లెవెల్‌కు వచ్చాం.

దూరంగా నిలబడి గుంపు మొత్తాన్ని ఒక్క మంత్రంతో కూల్చాలన్న కోరికతోనే సోర్సరర్‌ను తీసుకున్నాను. నిప్పు పేలుడు మంత్రం ఫైర్‌బాల్ వచ్చాక ఆట నా చేతిలోకి వస్తుందనుకున్నాను, రాలేదు. కొండదారిలో విరిగిన వంతెన దగ్గర గిథ్‌యాంకీ అనే యోధజాతి గస్తీ దళం ఉంటుంది కదా, అక్కడ ఆగిపోయాం. నా వంతు రాకముందే వాళ్లు ఎగిరి వచ్చి నా మీద పడుతున్నారు. నా వంతు వచ్చేసరికి అక్క వాళ్ల మధ్యలో ఉంటుంది. ఫైర్‌బాల్ వేస్తే వాళ్లు సేవింగ్ త్రో (మంత్రాన్ని తప్పించుకోవడానికి వేసే పాచిక) నెగ్గి సగం దెబ్బతో బయటపడతారు, అక్క మాత్రం పూర్తిగా కాలుతుంది.

నా అంకెలు: కరిష్మా 16, స్ట్రెంగ్త్ 14, ఇంటెలిజెన్స్ 14, విజ్‌డమ్ 12, డెక్స్టెరిటీ 10, కాన్‌స్టిట్యూషన్ 10. నాలుగో లెవెల్‌లో ఫీట్‌గా (అదనపు నైపుణ్యంగా) ఎలిమెంటల్ అడెప్ట్ తీసుకుని అగ్నికి పెట్టాను. నేర్చుకున్న మంత్రాలన్నీ అగ్నివే.

విజార్డ్ అనే మరో మాంత్రిక పాత్రగా మారిపోవాలా? అగ్నిని వదిలేయాలా? అసలు మాంత్రికుడి బలం ఎక్కడ ఉంటుందో అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి. కథలో ముందు ఏం జరుగుతుందో మాత్రం దయచేసి చెప్పకండి, అక్క కూడా ఇది చదువుతుంది.


పాలకొల్లు పాచిక:

నా మాట వింటే వార్‌లాక్ అనే మాంత్రిక పాత్రగా మారు. వాళ్ల మంత్రం ఎల్డ్రిచ్ బ్లాస్ట్‌కు స్లాట్ (మంత్రాలు వేయడానికి ఉండే పరిమిత అవకాశం) ఖర్చు లేదు. ఐదో లెవెల్‌లో రెండు కిరణాలు, పదో లెవెల్‌లో మూడు. ఒక్కో కిరణానికి పది ముఖాల పాచిక ఒకటి. అగొనైజింగ్ బ్లాస్ట్ తీసుకుంటే ప్రతి కిరణానికీ కరిష్మా అదనం (ఆ అంకె 10ని మించినదానిలో సగం) కూడా కలుస్తుంది. కరిష్మా 18 ఉంటే, రెండూ తగిలినప్పుడు సగటున 19. ఇది ఫోర్స్ దెబ్బ కాబట్టి తట్టుకునే శత్రువులు చాలా తక్కువ. రిపెల్లింగ్ బ్లాస్ట్ కూడా ఉంటే తగిలినవాడు వెనక్కి నెట్టుకుపోతాడు. నువ్వు చెప్పిన చోటు కొండ అంచు, ఎటు నెట్టాలో నీకే తెలుస్తుంది. వార్‌లాక్ స్లాట్లు చిన్న విశ్రాంతితోనే తిరిగి వస్తాయి. ప్రతి పోరాటంలోనూ ఒకే నిలకడతో కొట్టాలంటే దీన్ని మించింది లేదు. అక్కకు ఒక్క నిప్పురవ్వ కూడా తగలదు.


ఏరేటర్ అన్న (భీమవరం):

తమ్ముడూ, పాచిక గారు చెప్పిన వార్‌లాక్ మంచిదే. కానీ నువ్వు అడిగింది గుంపును ఒక్క దెబ్బకు కూల్చే మాంత్రికుడి గురించి. దానికి సోర్సరరే సరైనవాడు. నీ పాత్రను పారేయవద్దు. నీ చిక్కు మంత్రంలో లేదు, ఆ మంత్రం బయలుదేరేలోపు జరగాల్సిన ఏర్పాటులో ఉంది. ఓపికగా చదువు.

ముందు అంకెలు. శిబిరంలో ఉన్న విథర్స్ 100 బంగారు నాణేలకు పాత్రను మొదటి నుంచి మళ్లీ మలచనిస్తాడు. ఈ రాత్రే ఆ పని చెయ్యి. కరిష్మా 17, డెక్స్టెరిటీ 16, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్‌డమ్ 10, మిగతా రెండూ 8. ఆట ఇచ్చే 27 పాయింట్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. స్ట్రెంగ్త్, ఇంటెలిజెన్స్ సోర్సరర్ మంత్రాలకు ఏమీ చేయవు. నువ్వు ఆ రెండింటికీ 12 పాయింట్లు పోశావు.

డెక్స్టెరిటీకి అంత ఎందుకంటావేమో. ఈ ఆటలో ఎవరు ముందు కదలాలో తేల్చేది నాలుగు ముఖాల పాచిక, దాని మీద డెక్స్టెరిటీ అదనం. ఇరవై ముఖాల పాచిక కాదు. నీకు ఇప్పుడు 1 నుంచి 4 వరకు వస్తోంది. డెక్స్టెరిటీ 16 అయితే 4 నుంచి 7 వరకు వస్తుంది. అంటే ఇప్పటి నీ గొప్ప అదృష్టం రేపటి నీ అతి చెడ్డ అదృష్టంతో సమానం. గిథ్‌యాంకీలు నీ పక్కకు దూకడానికి ముందే, వాళ్లంతా ఒకచోట గుమిగూడి ఉన్నప్పుడే నీ వంతు వచ్చే అవకాశం దీనితోనే పెరుగుతుంది. గుంపును కొట్టే మంత్రానికి ఆ క్షణం కావాలి. పైగా డ్రాకోనిక్ సోర్సరర్‌కు కవచం లేకుండానే రక్షణ అంకె 13, దానికి డెక్స్టెరిటీ అదనం. నీది 13 నుంచి 16కు చేరుతుంది. షీల్డ్ మంత్రం వేస్తే నీ తర్వాతి వంతు వరకు 21.

కరిష్మా సంగతి. నీ మంత్రాన్ని శత్రువు తప్పించుకోవాలంటే దాటాల్సిన అంకె 8, దానికి నీ ప్రొఫిషియెన్సీ (లెవెల్‌ను బట్టి వచ్చే అంకె, నీకు 3), కరిష్మా అదనం కలపాలి. నీకు ఇప్పుడు 14. ఎలిమెంటల్ అడెప్ట్ వదిలేసి నాలుగో లెవెల్ ఫీట్‌ను కరిష్మాకే పెట్టు. 17 మీద ఒకటి పడితే 18, మిగిలిన ఒకటి మరో దానికి. చిత్తడి నేలల్లోని ముసలమ్మ దగ్గర ఇంకో పాయింటు దొరికే దారి ఉంది, కథ చెప్పను. అది సంపాదిస్తే ఫీట్‌లోని రెండు పాయింట్లూ కరిష్మాకే పెట్టి ఇప్పుడే 20కి చేరవచ్చు. అప్పుడు ఆ అంకె 16. డెక్స్టెరిటీ సేవ్‌కు 2 అదనం ఉన్న శత్రువు 14ను అందుకోలేకపోయేది నూటికి 55 సార్లు, 16ను అందుకోలేకపోయేది 65 సార్లు. చూడటానికి చిన్న తేడా. ఒక్క మంత్రానికి ఐదుగురు పాచిక వేస్తారని గుర్తుపెట్టుకో.

ఇక అసలు విషయం, నేను రోజూ చూసేది. నేను చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు ఏరేటర్లు బిగిస్తాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది కాబట్టి అవి రాత్రంతా తిరగాలి. ఆ చీకట్లో తడి చేత్తో స్టార్టర్ బాక్సు ముట్టుకోవద్దని కుర్రాళ్లకు ఎప్పుడూ చెబుతూనే ఉంటాను. పొడి ఒంటికి జిల్లుమనిపించే కరెంటు తడి ఒంటికి ప్రాణం తీస్తుంది. ఈ ఆట తయారుచేసిన లారియన్ వాళ్లు అదే సూత్రాన్ని నియమంగా పెట్టారు. తడిసిన శత్రువుకు మెరుపు దెబ్బ రెట్టింపు, మంచు దెబ్బ కూడా రెట్టింపు. అదే తడి అగ్ని దెబ్బను సగానికి తగ్గిస్తుంది. నువ్వు వానలో నిప్పు పెడుతున్నావేమో ఒకసారి చూసుకో.

తడపడానికి షాడోహార్ట్ ఉంది. క్రియేట్ వాటర్ మొదటి లెవెల్ మంత్రం, క్లెరిక్ జాబితాలోదే, పోరాటానికి ముందు సిద్ధం చేసుకుంటే చాలు. వాన కురిసిన చోట ఉన్నవాళ్లంతా తడుస్తారు. దానికి సేవింగ్ త్రో లేదు, తప్పించుకునే దారి లేదు. స్లాట్ వద్దనుకుంటే నీళ్ల సీసా విసిరినా పని జరుగుతుంది. మీ ఇద్దరి వంతులూ పక్కపక్కనే పడితే ఎవరు ముందు కదలాలో మీరే నిర్ణయించుకోవచ్చు, ఆట దానికి ఒప్పుకుంటుంది. వాన ముందు, మెరుపు తర్వాత.

లెక్క చూడు. లైట్నింగ్ బోల్ట్, ఫైర్‌బాల్ రెండూ మూడో లెవెల్ మంత్రాలే, రెండూ ఎనిమిది ఆరుముఖాల పాచికలే, సగటు 28. తడిసినవాడి మీద లైట్నింగ్ బోల్ట్ సగటు 56. సేవ్ నెగ్గినా వాడికి 28 పడుతుంది. అంటే తడిసి తప్పించుకున్నవాడు, పొడిగా ఉండి ఓడినవాడితో సమానంగా తింటాడు. నీ గుండె మంట తీరాలంటే ఈ ఒక్క లెక్క చాలు. అంతటితో ఆగలేదు. మూడో లెవెల్ మెటామ్యాజిక్‌గా (మంత్రాలను మలిచే సోర్సరర్ విద్యగా) క్వికెన్డ్ స్పెల్ తీసుకో. మూడు సోర్సరీ పాయింట్లతో ఒకే వంతులో రెండో బోల్ట్ వేయవచ్చు. ఐదో లెవెల్‌లో నీకు మూడో లెవెల్ స్లాట్లు రెండు, సోర్సరీ పాయింట్లు ఐదు. రెండు స్లాట్లూ మొదటి వంతులోనే ఖర్చు పెట్టు. పొదుపు చేసి రెండో వంతు దాకా ఉంచితే ఆ మధ్యలో వాళ్లు నిన్ను కొడతారు.

డ్రాగన్ వంశం నీలం చేసుకో. ఆరో లెవెల్ నుంచి మెరుపు మంత్రాల దెబ్బకు కరిష్మా అదనం కలుస్తుంది.

అక్క విషయం. మెరుపు గీతలా పోతుంది, ఫైర్‌బాల్ నాలుగు మీటర్ల వ్యాసార్థంతో అన్ని వైపులా పేలుతుంది. గీతను పక్కనుంచి గీస్తే అక్కను తప్పించడం తేలిక. అయితే వాన నీళ్లు నేల మీద మడుగు కడతాయి. మెరుపు తగిలితే ఆ మడుగంతా కరెంటు పాకుతుంది, అందులో నిలబడ్డ మనవాళ్లకూ దెబ్బే. అక్కను మడుగు బయట నిలబడమని చెప్పు. కేర్‌ఫుల్ స్పెల్ తీసుకుంటే ఒక పాయింటుతో మనవాళ్లు సేవ్ తప్పక నెగ్గుతారు, కానీ సగం దెబ్బ మిగులుతుంది. అక్క మీదే మంత్రం వేసినా ఆమెకు చీమ కుట్టినట్టు కూడా ఉండకూడదంటే అది ఎవొకేషన్ విజార్డ్‌కే సాధ్యం, రెండో లెవెల్‌లోనే వస్తుంది. కానీ కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో సోర్సరర్‌కు పుట్టుకతో వచ్చే పట్టు విజార్డ్‌కు లేదు, దెబ్బ తగిలితే ఏకాగ్రత (కొన్ని మంత్రాలను నిలిపి ఉంచేది) జారిపోతుంది. నేనైతే సోర్సరర్‌ను వదలను.

ఒక్క హెచ్చరిక. వేగం పెంచే హేస్ట్ మంత్రాన్ని అందరూ పొగుడుతారు, పొగడదగినదే. నువ్వు దాన్ని ఒకే మంత్రాన్ని ఇద్దరికి వేసే ట్విన్డ్ స్పెల్‌తో అక్కకూ ఇంకొకరికీ వేశావనుకో. నీకు దెబ్బ తగిలి ఏకాగ్రత పోతే ఆ ఇద్దరూ నీరసించి ఒక వంతు కదలలేరు. ఒక్క బాణంతో ముగ్గురూ దెబ్బతిన్నట్టే. ఏకాగ్రతను నిలబెట్టే వార్ క్యాస్టర్ ఫీట్ వచ్చాకే దాని జోలికి వెళ్లు.


కోనసీమ కంకణం (అమలాపురం):

ఏరేటర్ అన్నగారి లెక్కలు సరైనవే. కానీ దెబ్బ పెంచడం మీదే చూపు నిలిపారు. దెబ్బ తప్పకుండా తగిలేలా చేయడం కూడా మాంత్రికుడి విద్యే. నేను విజార్డ్‌గా ఆట పూర్తిచేశాను, సోర్సరర్‌గా మళ్లీ మొదలుపెట్టాను, అందుకే చెబుతున్నాను.

తమ్ముడూ, ఏ మంత్రం వేసేముందైనా శత్రువును పరిశీలించి చూడు. ఎగ్జామిన్ నొక్కితే వాడి ఆరు అంకెలు, దేన్ని తట్టుకుంటాడు, దేనికి లొంగుతాడు అన్నీ కనిపిస్తాయి. చురుకైనవాడి మీద డెక్స్టెరిటీ సేవ్ అడిగే మంత్రం వేస్తే స్లాట్ నీళ్లపాలు. గిథ్‌యాంకీలు మనుషుల జాతిలోనే లెక్క కాబట్టి కదలకుండా బంధించే హోల్డ్ పర్సన్ మంత్రం పనిచేస్తుంది. అది విజ్‌డమ్ సేవ్ అడుగుతుంది. పట్టు దొరికిందా, కదలలేని శత్రువు స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ సేవ్‌లు రెండూ పాచిక వేయకుండానే ఓడిపోతాడు. ఇప్పుడు మీ లైట్నింగ్ బోల్ట్ వేయండి. సగం దెబ్బ అన్న మాటే ఉండదు. దగ్గరగా నిలబడి మీ అక్క కొట్టే ప్రతి దెబ్బా క్రిటికల్ (పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) అవుతుంది. అక్కాతమ్ముళ్లిద్దరికీ పని దొరికే మంత్రం ఇదే. ఇద్దరిని పట్టాలంటే ట్విన్డ్ స్పెల్‌కు రెండు పాయింట్లు.

ఇంకొకటి, అన్ని మంత్రాలూ కొట్టేవే తీసుకోకు. ఐదో లెవెల్ సోర్సరర్‌కు తెలిసేవి ఆరు మంత్రాలు. నా సోర్సరర్‌కు షీల్డ్, మ్యాజిక్ మిసైల్, మిస్టీ స్టెప్, హోల్డ్ పర్సన్, లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్ ఉన్నాయి. పక్కకు దూకి వచ్చినవాడి నుంచి మిస్టీ స్టెప్‌తో మాయమై, అదే వంతులో యాక్షన్‌తో కొట్టవచ్చు. మ్యాజిక్ మిసైల్‌ను చిన్నచూపు చూడవద్దు. మొదటి లెవెల్‌లోనే మూడు బాణాలు, సగటున పది దెబ్బ, ఎన్నడూ గురి తప్పవు. రెండు మూడు ప్రాణపు పాయింట్లతో మిగిలిన శత్రువులు ముగ్గురుంటే ముగ్గురినీ ఒకే యాక్షన్‌లో ముగిస్తావు. కష్టమైన పోరాటాల్లో చాలాసార్లు గెలుపు అక్కడే తేలుతుంది.

శిబిరంలో నిద్రపోవడానికి వెనకాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మామూలు కష్టస్థాయిలో పూర్తి విశ్రాంతికి 40 సరుకులు చాలు. కుండలు, బుట్టలు వెతుకుతూ వెళితే తిండి పోగవుతూనే ఉంటుంది. సోర్సరర్‌ను ఖాళీ స్లాట్లతో నడిపిస్తూ ఈ పాత్ర బలహీనం అనుకోవడం అన్యాయం.


గోదారి గట్టు:

ఏరేటర్ అన్నయ్యగారికి, కంకణం అక్కగారికి, పాచిక గారికి చాలా కృతజ్ఞతలు. విథర్స్ దగ్గరకు వెళ్లి అన్నీ మార్చుకున్నాం. ముసలమ్మను ఇంతకు ముందే కలిశాం, కానీ ఆ పాయింటు మాకు దక్కలేదు, కాబట్టి కరిష్మా 18 దగ్గర ఉంది.

ఈసారి నా వంతు వాళ్లలో చాలామంది కంటే ముందు వచ్చింది. షాడోహార్ట్ వాన కురిపించింది. ముగ్గురు దాదాపు ఒకే వరుసలో దొరికారు. మొదటి బోల్ట్‌కు ఒకడు పడ్డాడు, క్వికెన్డ్‌తో వేసిన రెండోదానికి మిగతా ఇద్దరూ పడ్డారు. అక్క మడుగు బయట నిలబడి, హోల్డ్ పర్సన్‌కు చిక్కిన నాయకుణ్ణి తన కత్తితో ముగించింది. ఆమెకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. ఇప్పుడు తన సంచిలో నీళ్ల సీసాలు మోస్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. క్లెరిక్‌లో టెంపెస్ట్ డొమైన్ రెండు లెవెల్స్ కలిపితే మెరుపు దెబ్బ ఇంకా పెరుగుతుందని వేరేచోట చదివాను. అది ఇప్పుడే చేయాలా? మెరుపుకు బదులు మంచు ఎంచుకున్నా ఇంతే ఉంటుందా?


ఏరేటర్ అన్న:

చాలా సంతోషం తమ్ముడూ.

టెంపెస్ట్ మాట నిజమే. రెండో లెవెల్ టెంపెస్ట్ క్లెరిక్‌కు డిస్ట్రక్టివ్ రాత్ వస్తుంది. చిన్న విశ్రాంతికి ఒకసారి, మెరుపు లేదా ఉరుము దెబ్బలో పాచికలన్నీ గరిష్ఠానికి పడినట్టు లెక్కిస్తుంది. ఎనిమిది పాచికల లైట్నింగ్ బోల్ట్ అప్పుడు 48, తడిసినవాడికి 96. భారీ కవచం వేసుకునే అర్హత కూడా వస్తుంది.

కానీ ఇప్పుడు చేయవద్దు. లైట్నింగ్ బోల్ట్ సోర్సరర్‌గా ఐదో లెవెల్‌కు చేరాకే దొరికే మంత్రం. ఐదులో రెండు క్లెరిక్‌కు ఇచ్చేస్తే అది ఏడో లెవెల్ దాకా రాదు, గరిష్ఠం చేయడానికి చేతిలో గట్టి మంత్రమే ఉండదు. ఎనిమిదో లెవెల్ దాటాక విథర్స్ దగ్గరకు మళ్లీ వెళ్లు. మొదటి లెవెల్ తప్పకుండా సోర్సరర్‌గానే తీసుకో, లేకపోతే కాన్‌స్టిట్యూషన్ సేవ్ మీద పట్టు పోతుంది. ఆట 12వ లెవెల్‌తో ఆగిపోతుంది కాబట్టి చివరకు సోర్సరర్ 10, క్లెరిక్ 2 అవుతావు. అప్పుడు ఆరో లెవెల్ స్లాటు ఉంటుంది కానీ చైన్ లైట్నింగ్ నేర్చుకోలేవు, దానికి సోర్సరర్ 11 కావాలి. ఆ స్లాటుతో లైట్నింగ్ బోల్ట్ వేస్తే పదకొండు పాచికలు అవుతాయి. చైన్ లైట్నింగ్ కావాలనిపిస్తే స్క్రోలు కొనుక్కో, ఈ ఆటలో స్క్రోలు ఎవరైనా చదవవచ్చు. నాకైతే టెంపెస్ట్ దారే ఇష్టం. చైన్ లైట్నింగ్ మనసులో ఉన్నవాళ్లు నేరుగా సోర్సరర్ 12కు వెళ్లడంలో తప్పు లేదు.

మంచు కూడా బలమైనదే. కోన్ ఆఫ్ కోల్డ్ ఐదో లెవెల్ మంత్రం, ఎనిమిది ఎనిమిదిముఖాల పాచికలు, సగటు 36, తడిసినవాడికి 72. అయితే అది కాన్‌స్టిట్యూషన్ సేవ్ అడుగుతుంది, పెద్ద ఒళ్లున్న జీవులకు అందులో బలం ఎక్కువ. నేల మీది నీళ్లు గడ్డకట్టి దాని మీద నడిచినవాళ్లు జారి పడతారు, అందులో మీ అక్క కూడా ఉండవచ్చు. ఆమె ముందుకు వెళ్లే ఫైటర్ కాబట్టి మీ ఇద్దరికీ మెరుపే నయం.

శత్రువులకు దూరంగా, ఎత్తైన చోట నిలబడటం అలవాటు చేసుకో. అక్కగారికి ఇంకో మాట చెప్పు: సీసా శత్రువు పాదాల దగ్గర పగలాలి, తన పాదాల దగ్గర కాదు.